గాలివాన కన్న ముందు చేరవలసిన మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



రేవు పట్టణములలో గాలివాన దినములందు ఎగురవేయు ప్రమాద సూచికలు పదునొకండు. దూరముగా సముద్రము మీద వాయుగుండము పుట్టినదని ఒకటవ సూచిక తెలుపును. సంఖ్య పెరిగిన కొలది ప్రమాదము పెరుగుచున్నట్లు లెక్క. ఎనిమిది, తొమ్మిది, పది సంఖ్యలు మహాప్రమాదమునకు గుర్తులు. పదియే కడపటిదని పలువురు తలంతురు. కాని దానిపైన మరియొకటి కలదు. పదునొకండవ సూచిక గాలి వేగమును తెలుపదు, అలల ఎత్తును తెలుపదు. వాతావరణ కేంద్రముతో వార్తా సంబంధము తెగిపోయినదని, ప్రమాదము రానున్నట్లు స్థానికాధికారి తలంచుచున్నాడని మాత్రమే తెలుపును. వరుసలో అన్నిటికన్న పైన నిలిచినది గాలి సూచిక కాదు. మాట రాలేదను సూచిక.

భూమి వేడెక్కుచున్న ఈ కాలమున సమాజము చేయవలసినదేమి, ఒక్కొక్క మనుష్యుడు చేయవలసినదేమి అను ప్రశ్నకు పెక్కు సమాధానములు వినవచ్చుచున్నవి. వాటిలో ఒకటి బంగాళాఖాతపు తీరము నూట అరువది సంవత్సరములుగా ప్రాణములు వెచ్చించి నేర్చుకొనిన సమాధానము. గ్రంథాలయమునకు దానితో దగ్గరి చుట్టరికము కలదు. ఏలయనగా అది, తెలిసిన మాట తెలియని వానికి సకాలమున చేరుటను గూర్చిన పాఠము.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన బందరు మీద ఉప్పెన విరుచుకొనిపడెను. పట్టణములోను, చుట్టుప్రక్కల గ్రామములలోను కలిసి సుమారు 30,000 మంది మరణించిరని చరిత్రకారులు లెక్కగట్టిరి. అంతకు ఒక మాసము లోపల, అక్టోబరులో, మరియొక గాలివాన కలకత్తా రేవును ధ్వంసము చేసియుండెను. ఆ వెనుక వర్షములు తప్పి కరవులు వచ్చెను. ఈ దెబ్బలన్నిటి పిమ్మట 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను. గాలిని ఆపుటకు శక్తి లేకపోయినను, గాలి రాకను ముందుగా తెలిసికొనుటకు ఒక యత్నము ఆ నాటితో దేశమంతటికిని ఆరంభమాయెను.

నూరు సంవత్సరములు గడచెను. శాస్త్రము పెరిగెను. ఆకాశవాణి వచ్చెను. అయినను 1977 నవంబరు 19వ తేదీ శనివారము నాడు దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చినప్పుడు సుమారు 10,000 మంది ప్రాణములు పోయెను. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకొనిపోయెను. గాలివాన వచ్చుచున్నదని వాతావరణ శాఖకు తెలియును. రేడియోలోను చెప్పిరి. కాని చెప్పిన మాటకును, గుడిసె గుమ్మమునకును నడుమ దూరము మిగిలిపోయెను. అందరి ఇండ్లలోను రేడియో లేదు. విన్నవారికిని ఉప్పెన ఎంత దూరము లోపలికి వచ్చునో తెలియదు. తెలిసినవారికిని, బిడ్డలను వెంటబెట్టుకొని పోవుటకు గట్టి కట్టడము చెంతలేదు. ఆ రాత్రి దివిసీమలో లోపించినది శాస్త్రము కాదు. శాస్త్రమునకును మనుష్యునకును నడుమ ఉండవలసిన మెట్లు లోపించినవి.

ఆ మెట్లను కట్టుట అప్పటినుండి ఆరంభమాయెను. తీరము వెంబడి తుఫాను రక్షణ భవనములు లేచెను. ఉపగ్రహము ద్వారా హెచ్చరికలను తీరగ్రామములకు పంపు ఏర్పాటు 1980 దశకములో వచ్చెను. ఏ గ్రామము వారు ఎచటికి పోవలెనో ముందుగానే నిర్ణయించు అలవాటు రెవెన్యూ అధికారులకు కలిగెను. 1990 మే 9వ తేదీన కృష్ణా ముఖద్వారము దాపున మరల గాలివాన తీరమును తాకెను. తీవ్రతలో అది 1977 నాటిదానికి తీసిపోదు. పంటలకును, ఇండ్లకును కలిగిన నష్టము అపారము. కాని మరణించినవారి సంఖ్య వేయికి లోబడియుండెను. వేయిమంది మరణించుట స్వల్పవిషయము కాదు. అయినను పదమూడు సంవత్సరములలో పదివేలు వేయిగా మారుట ఏ దేవుడో కనికరించిన ఫలము కాదు. మనుష్యులు చేసికొనిన ఏర్పాటు ఫలము.

ఒక చోట నేర్చిన పాఠము సరిహద్దు దాటి తనంత తాను పోదు. 1999 అక్టోబరు 29వ తేదీన ఒరిస్సా తీరమును తాకిన మహా గాలివానలో సుమారు 10,000 మంది మరణించిరి. దివిసీమ విషాదము ఇరువది రెండు సంవత్సరముల తరువాత పొరుగు రాష్ట్రమున మరల సంభవించెను. ఆ రాష్ట్రము విపత్తుల నిమిత్తము ఒక ప్రత్యేక సంస్థను అదే సంవత్సరము నెలకొల్పి, నూర్లకొలది రక్షణ భవనములు కట్టించి, గ్రామగ్రామమున యువకులకు శిక్షణ ఇప్పించెను. 2013 అక్టోబరు 12వ తేదీన, దసరా దినములలో, ఫైలిన్ అను గాలివాన గంటకు 200 కిలోమీటర్ల వేగముతో గోపాల్‌పూర్ వద్ద తీరము దాటెను. అప్పటికే సుమారు 10 లక్షల మంది సురక్షిత స్థలములకు చేరియుండిరి. మరణించినవారు ఏబదిమందికి మించలేదు. 2019 మే 3వ తేదీన పూరీ వద్ద ఫణి తుఫాను తాకకముందు 12 లక్షల మందిని తరలించిరి. అప్పుడు ఆ రాష్ట్రమున మరణించినవారు 64 మంది. సముద్రము అదియే, గాలి అదియే. మధ్యలో మారినది మనుష్యుల నడవడి.

ఇదే సముద్రమునకు ఉత్తరపు ఒడ్డున నున్న బంగ్లాదేశము కథ ఇంకను పెద్దది. 1970 నవంబరు 12వ తేదీన, అది తూర్పు పాకిస్తానుగా నున్న కాలమున, ఒక్క ఉప్పెనలో కనీసము 3 లక్షల మంది మరణించిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆ బీద దేశము చేసిన మొదటి పనులలో ఒకటి, తీరగ్రామములలో స్వచ్ఛంద సేవకులను తయారు చేయుట. ప్రమాదమును బట్టి ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగురవేయుట, బాకాతో వీధివీధిని చాటుట, నడువలేనివారిని మోసికొనిపోవుట వారి పని. నేడు అట్టివారు 70,000 మందికి పైగా కలరు.

అయినను 1991 ఏప్రిల్ 29వ తేదీన వచ్చిన ఉప్పెనలో సుమారు 1,38,000 మంది పోయిరి. వారిలో స్త్రీలు పురుషులకన్న మిక్కిలి ఎక్కువ. కారణములు విచారించినప్పుడు సిగ్గుపడవలసిన విషయములు బయటపడెను. మగవాడు ఇంటికి వచ్చి కదలుమనువరకు స్త్రీ గడప దాటలేదు. రక్షణ భవనములలో స్త్రీలకు వేరు గది గాని, మరుగుదొడ్డి గాని లేదు. చంటిబిడ్డలను చంకనెత్తుకొని, తడిసిన చీరతో నీటిలో పరుగెత్తుట సాధ్యము కాలేదు. అనగా హెచ్చరిక గ్రామము చేరెను గాని, ఇంటిలో సగముమంది వద్దకు చేరలేదు. ఆ పిమ్మట భవనముల సంఖ్య పెరిగెను. వాటిలో స్త్రీలకు వేరు వసతులు ఏర్పడెను. సేవకులలో స్త్రీలను చేర్చుకొనిరి. నేడు ఆ సేవకులలో సగము స్త్రీలే. 2007లో సిద్ర్ అను మహా తుఫాను వచ్చినప్పుడు మరణించినవారు సుమారు 3,400 మంది.

ఈ వృత్తాంతములనుండి తేలినదేమి? ఆపదను ఎదుర్కొను పనిలో సమాజము వంతు ఒకటి, మనుష్యుని వంతు ఒకటి కలవు. భవనము కట్టుట, బాట వేయుట, హెచ్చరిక పంపుట సమాజపు వంతు. లేచి ఇల్లు విడుచుట మనుష్యుని వంతు. మొదటిది లేక రెండవది వ్యర్థము; రెండవది లేక మొదటిది శూన్యము.

ఇల్లు విడుచుట చెప్పినంత తేలిక కాదు. విడువనివానిని మూఢుడని దూషించుట సులభము. కాని అతని కారణములు విన్నచో మూఢత్వము కానరాదు. కొట్టములో గేదె కలదు. అది పోయినచో సంవత్సరము గడవదు. వలయు, పడవయు ఒడ్డున ఉన్నవి. అవి అప్పుతో కొన్నవి. ఇంటిలో లేవలేని తల్లి కలదు. వెళ్లిన తరువాత దొంగలు పడుదురేమోనని భయము. పోయిన సంవత్సరము ఖాళీ చేయించిరి, గాలి రానేలేదు. ఈ సంవత్సరము ఎట్లు నమ్మవలెను? ఈ కారణములలో ఒక్కొక్కదానికిని సమాజమే సమాధానము చెప్పవలెను. పశువులకు మెరక దిబ్బ, వృద్ధులకు బండి, విడిచిన వీధులకు కావలి, ఆడవారికి మరుగు, తిరిగివచ్చునంతవరకు అన్నము. ఇవి ఉన్నవని తెలిసినవాడు కదలును. బలవంతముగా ఒకసారి లారీ ఎక్కింపవచ్చును. రెండవసారి ఎక్కించునది నమ్మకము మాత్రమే.

రక్షణ భవనముల విషయమున ఒక చిన్న రహస్యము కలదు. ఏడాదికొకసారి తెరచు భవనము ఆపద నాటికి పాడుబడియుండును. తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదో తెలియదు. అందుచేత బంగ్లాదేశములోను, ఒరిస్సాలోను పెక్కింటిని బడులుగా వాడుచున్నారు. నిత్యము పిల్లలు చదువుకొను చోటికి పోవుటకు తల్లులు సంకోచింపరు. ఊరివారు ప్రతిదినము వాడుకొనునదియే ఆపద నాడు వారికి అక్కరకు వచ్చును. గ్రంథాలయ భవనమునకును ఈ మాట వర్తించును.

ఇక, గాలివానలు ఏనాడును ఉన్నవే కదా, ఇపుడు క్రొత్తగా వచ్చిన చిక్కేమి యని కొందరు అడుగుదురు. బొగ్గు, చమురు మండించుటచే బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరుచున్నది. యంత్రయుగమునకు ముందు గాలిలో పది లక్షల పాళ్లకు అది సుమారు 280 పాళ్లు. హవాయి ద్వీపమునందలి మౌనా లోవా పర్వతము మీద 1958 నుండి దానిని విడువక కొలుచుచున్నారు. నేడది 420 దాటినది. ఈ వాయువు కంబళి వలె భూమి వేడిమిని పట్టియుంచును. అట్లు మిగిలిన వేడిమిలో పదింట తొమ్మిది పాళ్లు సముద్రము మ్రింగుచున్నది. గాలివానకు ఆహారము వెచ్చని సముద్రజలమే. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో నూటికి 7 పాళ్లు అధికముగా నీటి ఆవిరిని మోయగలదు. అందుచేత గాలివానల సంఖ్య పెరుగకపోయినను, వాటిలో తీవ్రమైనవాటి పాలు పెరుగుననియు, అవి కురియు వాన హెచ్చుననియు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 1900 నుండి లోకమున సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగెను. ఉప్పెన ఇకమీదట మెట్టు ఎక్కి నిలిచి దూకును.

తీరమునకు దూరముగా నున్న గ్రామములు ఇది తమ కథ కాదని తలపరాదు. చప్పుడు లేని గాలివాన మరియొకటి కలదు, అది వడగాలి. 2010 మే మాసమున అహమ్మదాబాదు నగరములో సాధారణముగా సంభవించు మరణములకన్న 1,300 అధికముగా సంభవించెను. ఇల్లు కూలలేదు, చెట్టు విరుగలేదు. కనుక అది ఉపద్రవమని చాలమందికి తోచలేదు. లెక్కలు తీసిన పిమ్మట ఆ నగరము 2013లో ఒక ప్రణాళికను అమలు జరిపెను. ఎండ తీవ్రమగునని ముందుగా ప్రజలకు తెలుపుట, ఆసుపత్రులను సిద్ధము చేయుట, వీధులలో మంచినీరు ఉంచుట, ఆరుబయట పనిచేయు కూలీలను హెచ్చరించుట దాని అంగములు. తరువాత పేదల ఇండ్ల కప్పులకు తెల్ల సున్నము పూయుటయు చేరెను. 2015 మే మాసమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో కలిసి వేయిమందికి పైగా వడదెబ్బకు గురియై మరణించిరి. వారిలో కూలినాలి చేసికొనువారును, వృద్ధులును పెక్కుమంది. ఇచటను పాఠము ఒక్కటియే. రేపటి ఎండను గూర్చిన మాట నేటి సాయంకాలమునకు మేస్త్రీకిని, రైతుకును, ఒంటరిగా నున్న ముసలమ్మకును చేరవలెను. చేరినచో మధ్యాహ్నపు పని ఉదయమునకు మారును. కుండలో నీరు, గిన్నెలో ఉప్పు వేసిన మజ్జిగ సిద్ధముగా నుండును.

అయితే ఇంతటితో చాలునని తృప్తిపడుట ప్రమాదము. ప్రాణములు దక్కినవారు తిరిగి వచ్చునది ఎచటికి? ఫణి తుఫాను తరువాత పూరీ ప్రాంతమున లక్షలకొలది ఇండ్లు దెబ్బతినెను. విద్యుత్తు చాల దినములు రాలేదు. ఉప్పెన నీరు నిలిచిన పొలమున ఉప్పు మిగులును. కూలిన కొబ్బరి తోట మరల కాపునకు వచ్చుటకు సంవత్సరములు పట్టును. మనుష్యుని తరలింపవచ్చును, మడిచెక్కను తరలింపలేము. ఎంత సిద్ధపడినను దానికొక హద్దు కలదు. ఆ హద్దు దాటకుండ ఉండవలెనన్నచో వేడికి మూలమైన మంటనే తగ్గింపవలెను.

ఆ మంటలో అందరి పాలు సమానము కాదు. బొగ్గుపులుసు వాయువు లెక్కన అమెరికా పౌరుడు సగటున ఏటికి సుమారు 14 టన్నులకు కారకుడు. భారతీయుడు సుమారు 2 టన్నులకు. దివిసీమ జాలరి వంతు అంతకంటెను తక్కువయే యగును. ఎవరు ఎక్కువ కాల్చిరో వారు ముందుగా, ఎక్కువగా తగ్గించుట న్యాయము. 2015లో పారిస్ నగరమున కుదిరిన ఒప్పందములో ఈ భేదమునకు చోటు కలదు. 2070 నాటికి లెక్క సరిచేసి, తాను విడుచునంతయు తిరిగి ఇముడునట్లు చేయుదునని భారతదేశము 2021లో ప్రకటించెను. పెద్దవారి బాధ్యతను మరచిపోనిచ్చుట తప్పు. దానిని సాకుగా చేసికొని చేతనైన పని మానుటయు తప్పు.

పల్లెలకు చేతనైన పనులు లేకపోలేదు. వరిమడిలో నీరు ఎల్లప్పుడు నిలువయుంచినచో అడుగు బురదనుండి మీథేను వాయువు పుట్టును. అదియు వేడిని పట్టు వాయువే. మధ్యమధ్య మడిని ఆరనిచ్చి మరల తడిపినచో ఆ వాయువు చాలవరకు తగ్గును, నీరును మిగులును, పంటకు నష్టము రాదు. గడ్డిని పొలమున కాల్చక పశువులకును, ఎరువునకును వాడుట మరియొకటి. తీరమున నున్నవారికి మడ అడవి కలదు. 1999 నాటి గాలివానలో ఒరిస్సాలోని కేంద్రపడా జిల్లా గ్రామములను పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు, సముద్రమునకును ఊరికిని నడుమ మడ అడవి విస్తారముగా నున్నచోట్ల మరణములు తక్కువయని కనుగొనిరి. అదే పరిశీలనలో, ముందుగా అందిన హెచ్చరిక అడవికన్న అధికముగా ప్రాణములు కాపాడినదనియు తేలెను. కాకినాడ చెంతనున్న కోరంగి మడ అడవి గోదావరి తీరమునకు పెట్టని కోట. రొయ్యల చెరువు కొరకు దానిలో ఒక్క ఎకరము నరికినను, కోటగోడలో ఒక రాయి ఊడినట్లే.

ఇపుడు గ్రంథాలయమును గూర్చి. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నడపిన పెద్దలు, చదువరి పుస్తకమును వెదకికొనుచు వచ్చువరకు కూర్చుండలేదు. 1935లో పాతూరి నాగభూషణము గారు పుస్తకములను పడవ కెక్కించి కాలువ వెంట ఊరూరికిని తీసికొనిపోయిరి. పుస్తకము ఉండుట చాలదు, అది గడప వద్దకు పోవలెనని ఆ పడవ చాటినది. హెచ్చరిక విషయమునను ధర్మము అదియే.

నేడు సెల్ ఫోను ప్రతి ఇంటికిని వచ్చినది. 1977 నాడు లేని సాధనము నేడు కలదు. కాని నిజమైన వార్తతో బాటు పుకారును అదే దారిని వచ్చుచున్నది. పది మాటలలో ఏది నిజమో తేల్చి చెప్పు నమ్మకమైన చోటొకటి ఊరికి కావలెను. వాతావరణ శాఖ ప్రకటనను గ్రంథాలయపు నల్లబల్ల మీద స్పష్టముగా వ్రాయవచ్చును. చదువురానివారికి బిగ్గరగా చదివి వినిపింపవచ్చును. సూచికల సంఖ్యలకు అర్థమేమో గోడమీద పట్టికగా వేయవచ్చును. నడువలేనివారు, చూపులేనివారు, నిండు గర్భిణులు, ఒంటరివారు ఏ ఏ ఇండ్లలో నున్నారో ఒక పుస్తకమున వ్రాసి, వారిని తీసికొనిపోవు బాధ్యత ఎవరిదో ఎదురుగా వ్రాసియుంచవచ్చును. ఏ సంవత్సరమున నీరు ఊరిలో ఎంతవరకు వచ్చినదో, ఏ వీధి మునుగలేదో పెద్దలను అడిగి నమోదు చేయవచ్చును. ఏబది ఏండ్ల నాటి ఉప్పెనను కన్నవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారితో బాటు ఆ జ్ఞానమును పోనిచ్చినచో, తరువాతి తరము దానిని మరల ప్రాణములతోనే కొనవలసివచ్చును.

వీటిలో ఏ పనికిని పెద్ద ధనము అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక సుద్దముక్క, మాట తప్పని కొందరు మనుష్యులు చాలుదురు. గ్రంథాలయము గొప్పతనమును పుస్తకముల సంఖ్యతో కొలుచుట వాడుక. దానికి మరియొక కొలతను చేర్చుకొనవచ్చును. గాలివాన నాటి రాత్రి ఊరిలో కడపటి గుడిసెలోని మనుష్యుడు తన బిడ్డలతో ఎచట ఉన్నాడు? గట్టి కప్పు క్రింద ఉన్నచో, మాట అతనిని వేళకు చేరినట్లు. ఆ ఊరిలో పదునొకండవ సూచిక ఎగురలేదన్నమాట.